హీటర్ బంద్ చెయ్యండ్రి!

మొన్న సాయంత్రం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంటే గదిలో దీపం ఒక్కసారి వణికింది. రెప్ప వేసి తీసేంత సేపు, అంతే. నేను ఉన్నపళంగా కుర్చీలోంచి లేచి, "హీటర్ ఎవరు పెట్టిండ్రే! బంద్ చెయ్యండ్రి, జల్దీ!" అని గొంతు చించుకుని అరిచాను. పక్క గదిలోంచి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "ఏ హీటరమ్మా? ఏమైంది నీకు?" అంటూ నా నుదురు పట్టుకుని చూసింది. ల్యాప్‌టాప్ మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. కరెంటు పోయి వచ్చిన సంగతి దానికి తెలియనే తెలియదు.

ఎంత సిగ్గేసిందో చెప్పలేను. తర్వాత అంతకంటే ఎక్కువ నవ్వొచ్చింది. ఆ అరుపు నా నోట్లో ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కుందో!

భద్రాచలానికి ఇవతలి ఒడ్డున, అడవి కొట్టి కట్టిన బొగ్గుగని కాలనీ మాది. గనిని మేం బాయి అనేవాళ్ళం. క్వార్టర్లు వరసగా ఉండేవి, ఒక్కో వరసను లైను అనేవాళ్ళం. కంపెనీ క్వార్టర్లకు కరెంటుకు పైసా అడిగేది కాదు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు, మావాళ్ళు కరెంటును వదులుతారా? మట్టి బిళ్ళకు గాడి చెక్కి, అందులో స్ప్రింగులాంటి తీగ చుట్టలు పరిస్తే అదే హీటర్ పొయ్యి. అన్నం, కూర, స్నానాల నీళ్ళు, అన్నీ దాని మీదే. బొగ్గుల పొయ్యి పెరట్లో బోర్లా పడి ఉండేది, దాని కింద కోళ్ళు గుడ్లు పెట్టేవి.

షిఫ్టుకు ముందు బాయి దగ్గర కూత వేసేవాళ్ళు. ఆ కూత వినపడగానే లైనులోని ఆడవాళ్ళంతా ఒకేసారి హీటర్ల మీద ఎసరు పెట్టేవాళ్ళు. ఇంకేముంది, ఇళ్ళల్లో బల్బులు ఎర్రబడేవి, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, టీవీలో వార్తలు చదివే ఆయన మొహం రెండు పక్కలా నొక్కినట్టు సన్నబడిపోయేది. మాకు అదంతా మామూలే. మా చిన్నాయన ఆ పెట్టె తెచ్చేదాకా ఎవరికీ బాధ అనిపించలేదు.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. తాత బాయి కొలువు దిగిపోయినప్పుడు ఆ కొలువు పెద్దకొడుకని మా నాయనకొచ్చింది. ఒక్క కొలువు ఇద్దరికి రాదు కదా! చిన్నాయన రేడియోలు, టేప్‌రికార్డర్లు, టీవీలు బాగుచేసేవాడు. చేతిలో విద్య ఉంది, చెప్పుకోడానికి కొలువు మాత్రం లేదు. ఒక ఎండాకాలం సామాన్లకని హైదరాబాదు వెళ్ళి, వస్తూ వస్తూ తువ్వాల్లో చుట్టిన ఒక పెట్టెను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని బస్సు దిగాడు. బస్సులో ఎవరో ఇప్పపువ్వు బస్తా దాని పక్కనే పెట్టారట. తువ్వాలు విప్పగానే ఇల్లంతా ఇప్పపువ్వు వాసన గుప్పుమంది. నాకు ఇప్పటికీ కంప్యూటర్ అంటే ముందు ఆ తియ్యటి మత్తు వాసనే గుర్తొస్తుంది.

అది పలకంత నల్లటి పెట్టె. దాని మీద రబ్బరు మీటలు, నొక్కితే మా స్కూలు ఎరేజర్ లాగే మెత్తగా లోపలికి దిగేవి. టీవీకి, టేప్‌రికార్డర్‌కు తగిలించి వాడాలి.

తాత కళ్ళజోడు సవరించుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది అసలుదేనారా?"

"అసలుది సీమదేశంల చేసిండ్రంట నాయినా. దాన్ని సూసి మనోళ్ళు ఇక్కడ గిట్ల చేసిండ్రు."

"అంటే డూప్లికేటు."

"డూప్లికేటు అనకు నాయినా! అది చేసే పనులన్నీ ఇదీ చేస్తది."

మా నాయనమ్మకు చిన్నకొడుకంటే ప్రాణం. "డూప్లికేటు అయితేంది? మన టేప్‌రికార్డర్ డూప్లికేటే, నీ చేతి గడియారం డూప్లికేటే. ఏనాడన్న ఆగినయా?" అంది.

"గడియారం ఆగి ఏడాదైతంది," అన్నాడు తాత.

అందరం నవ్వాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు డూప్లికేటే. "డూప్లికేటు మీద గుడ్డ కప్పిండ్రా?" "డూప్లికేటు దగ్గర నీళ్ళ చెంబు పెట్టకుండ్రి." ఇదీ వరస.

డూప్లికేటుకు ఒక జబ్బుండేది, మతిమరుపు. ఏ పని చెయ్యాలన్నా ముందు దానికి క్యాసెట్టు వినిపించాలి. క్యాసెట్టు తిరుగుతుంటే మొదట 'ఊఁ' అని ఒక మూలుగు, తర్వాత కీచుమని రొద. టీవీ అంచుల వెంట గీతలు గంతులేసేవి. "తేలు కుట్టినట్టు గట్ల ఏడుస్తదేందిరా?" అని నాయనమ్మ చెవులు మూసుకునేది. ఇంటికొచ్చిన చుట్టాలకు టీలు ఇచ్చి పంపేంత సేపు ఆ ఏడుపు సాగాక, అప్పుడు బొమ్మ వచ్చేది. ఈలోపు కరెంటు రెప్పపాటు తగ్గిందా, విన్నదంతా మరిచిపోయి మొదటికొచ్చేది. మళ్ళీ క్యాసెట్టు వెనక్కి తిప్పు, మళ్ళీ తేలు కుట్టించు!

అందుకని పిల్లలకు కొలువు పడింది. చిన్నాయన క్యాసెట్టు నొక్కే ముందు మేం లైను పొడుగునా పరుగెత్తి, "హీటర్ బంద్ చెయ్యండ్రి!" అని అరవాలి. పని అయ్యాక "పెట్టుకోండ్రి!" అని అరవాలి. ఈ కొలువుకు జీతం, డూప్లికేటు మీద ఒక ఆట. టీవీ బొమ్మ ఎంత సన్నబడిందో చూసి ఎవరి హీటర్ వెలిగిందో చెప్పేంత తెలివి మీరిపోయాం. కొంచెం ముడుచుకుంటే ఎదురింటి చిన్నమ్మ, పాలు కాస్తోంది. జానెడు ముడుచుకుంటే ఖాయంగా మూలింటి అత్త, ఆవిడకు రెండు హీటర్లు.

మూలింటి అత్తకూ మాకూ పడేది కాదు. నల్లా దగ్గర బిందెల వరసలో మొదలైన తగాదా, ఎప్పటిదో ఎవరికీ గుర్తులేదు. నేను వెళ్ళి అరిస్తే నడుం మీద చేతులు పెట్టుకుని, "మీ డూప్లికేటు కోసం మా మనిషి ఆకలితోటి బాయిలకి దిగాల్నా? పో పిల్లా పో!" అనేది. అంటూనే ఒక హీటర్ ఆపేది. రెండోది ఆపేది కాదు.

ఆటల్లో ఒకటి మా తాతకు పడేది కాదు. అందులో ఒక చిన్న మనిషి భూమి లోపలికి దిగి సొరంగాలు తవ్వుతూ మణులు ఏరుకుంటాడు. తాత జన్మంతా బాయిలో చేసిన మనిషి, మంచం మీద కూర్చుని ఒకటే అరుపులు. "టోపీ ఏదిరా వీనికి? లైటేది? ఒక్కడే దిగిండేంది, జోడీ ఎవరు? అరె, కప్పుకు కట్టె పెట్టకుండ ముందుకు పోతున్నడు సూడు, సస్తడు!" అంతలో పైనుంచి బండ పడి ఆ మనిషి చచ్చేవాడు. "చెప్పిన్నా?" అని తాత మా అందరివైపూ చూసేవాడు. వాడు మళ్ళీ లేచి నిలబడితే తాతకు ఒళ్ళు మండేది. "సచ్చినోడు లేస్తడా? గిది బాయి కాదు, ఏం కాదు!" అంటూనే కొత్త మనిషిని దింపమనేవాడు.

నాయనమ్మకు నేనే ఒక ముచ్చట చేసిపెట్టాను. ఒక వాక్యం రాసి మళ్ళీ మొదటికి పొమ్మంటే అది ఆపకుండా రాస్తూనే ఉంటుందని చిన్నాయన నేర్పాడు. నేను ఇంగ్లీషు అక్షరాల్లో 'నాయనమ్మ దొంగచాటుగా చుట్ట తాగుతది' అని కొట్టి, "నాయనమ్మా, నీ పేరే వస్తంది సూడు" అన్నాను. టీవీ నిండా తన పేరు పైకి పాకుతుంటే ఆవిడ ఆనందం ఇంతా అంతా కాదు. గబగబా వెళ్ళి ఎదురింటి చిన్నమ్మను తీసుకొచ్చింది. ఆ చిన్నమ్మకు నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు. చదివి కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత నా వీపు సంగతి మీరే ఊహించుకోండి. ఏడుస్తున్న నాకు ఆ సాయంత్రం మొర్రిపండ్లు దోసిలి నిండా పెట్టిందీ నాయనమ్మే. "మల్లా ఒకపారి నా పేరు రప్పియ్యి, చుట్ట ముచ్చట లేకుండ," అంది.

ఇలా వేడుకగా సాగుతుండగా చిన్నాయనకు సంబంధం వచ్చింది. తిరుమలాయపాలెం దిక్కు పిల్ల. చూడ్డానికి వెళ్ళినప్పుడు అందరూ ఆమెను నీకు వంటొచ్చా, కుట్టొచ్చా అని అడిగారట. అన్నీ అయ్యాక ఆమె తలెత్తి చిన్నాయనను ఒకే మాట అడిగిందట. "గా కంప్యూటర్ ఆడోళ్ళు నేర్సుకోవచ్చా?" అంతే! మా చిన్నాయన ఇంటికొచ్చి అన్నంలో నీళ్ళు పోసుకున్నాడో చారు పోసుకున్నాడో తెలియకుండా తిన్నాడు. చేసుకుంటే ఆ పిల్లనే అని మా అమ్మతో చెప్పేశాడు.

అయితే ఆ పిల్ల తండ్రి రైతు. వరసగా ఎండిన చేలు చూసి చూసి, బిడ్డను కొలువున్నోనికే ఇస్తానని పట్టుబట్టిన మనిషి. "పిల్లగాడు మంచోడే. కొలువేది? సరే, ఇల్లు సూసి చెప్తం" అన్నాడట. ఇల్లు చూడ్డానికి ఆదివారం వస్తామని కబురు పెట్టారు.

చిన్నాయనకు నిద్ర పట్టలేదు. కొలువు చూపించలేడు కాబట్టి డూప్లికేటునే చూపించాలనుకున్నాడు. వారమంతా కూర్చుని భద్రాచలం గుడి గోపురాన్ని డూప్లికేటు చేత గీతగీతగా గీయించి క్యాసెట్టుకెక్కించాడు. కింద గోదావరి, దాని కింద పిల్ల తండ్రి, ఆ పెద్దాయన పేరు, ఊరి పేరు, 'స్వాగతం' అని. అది చూస్తే కాబోయే మామ మనసు మారుతుందని నమ్మకం. ఒకటే భయం, ఆదివారం.

ఆదివారం అంటే లైనులో ప్రతి ఇంట్లోనూ మాంసం. పొద్దున అంగడి నుంచి తెచ్చింది మధ్యాహ్నందాకా హీటర్ మీద కుతకుతమని ఉడుకుతూనే ఉంటుంది. ఏ రోజూ లేనంత కరెంటు కరువు ఆ రోజే. ఎలా? మా అమ్మే ధైర్యం చేసి నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. "మరిదికి సంబంధమొచ్చింది వదినా. వాళ్ళు పోయిందాక హీటర్ పెట్టకుండ్రి, మీ కాళ్ళు మొక్కుత." అందరూ సరే అన్నారు. మూలింటి అత్త మాత్రం తలెత్తలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "సూస్త" అంది. ఆ 'సూస్త'కు అమ్మ మొహం వాడిపోయింది.

ఆదివారం పొద్దున నేను తలుపు తీసేసరికి లైనంతా పొగ. వాకిలి వాకిట్లో బొగ్గుల పొయ్యి! పెరళ్ళలోంచి కోళ్ళను తోలేసి పొయ్యిలు ముందుకు తెచ్చారు. ఊదుతున్నారు, విసురుతున్నారు, దగ్గుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకుంటున్నారు. నిప్పు ఎలా రాజేయాలో మరిచిపోయి కిరసనాయిలు పోసి కనుబొమలు కాల్చుకున్న ఎదురింటి చిన్నమ్మ కూడా ఉంది. పొగలోంచి పెద్దాయన, ఆయన బావమరిది, చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. "ఏందమ్మా, మీ కాలనీల గింత పొగ?" అని ఆ చెల్లెలు అడిగితే, "ఆదివారం గదా వదినా" అంది మా అమ్మ, అదేదో మా ఆచారమైనట్టు.

చిన్నాయన క్యాసెట్టు నొక్కాడు. మూలుగు, తర్వాత రొద. పెద్దాయన కుర్చీ అంచున కూర్చుని, "దీనితోటి ఏమొస్తది బాబు?" అన్నాడు.

"ముందుముందు అన్నిటికి ఇదే మామా."

"ముందుముందు సంగతి సరే. ఇయ్యాల్టి సంగతేంది?"

చిన్నాయన తువ్వాలుతో టీవీ అద్దం తుడిచాడు. ఇంకాసేపు ఆగితే గోపురం వస్తుందనగా, టప్‌మని చప్పుడు. టీవీ ఆరిపోయింది, ఫ్యాను ఆగిపోయింది.

"మూలింటి అత్తే!" అని నేను బాణంలా బయటికి దూకాను. పళ్ళు కొరుక్కుంటూ అక్కడికి వెళ్ళి చూస్తే, ఆవిడ వాకిట్లో రెండు బొగ్గుల పొయ్యిల మధ్య కూర్చుని ఉంది. మొహమంతా మసి, కళ్ళు మిరపపండ్లయ్యాయి. "ఏందే, గట్ల సూస్తవ్? నా రెండు హీటర్లు అటక మీద పెట్టిన, పోయి సూస్కో!" అంది.

మరి ఎవరు? వెనక్కి పరుగెత్తుకొచ్చేసరికి మా వంటింట్లోంచే బజ్జీల వాసన. నాయనమ్మ హీటర్ మీద మూకుడు పెట్టుకుని, ఆరిపోయిన తీగ చుట్టల వైపు చూస్తూ నిలబడింది. లైనంతటికీ చెప్పాం, మా ఇంట్లో మా నాయనమ్మకు చెప్పడం మరిచిపోయాం! చుట్టాలను ఇంట్లో పొగబెట్టి కూర్చోబెట్టడం మర్యాద కాదని ఆవిడ చక్కగా హీటర్ పెట్టుకుంది. పాత ఫ్యూజు తీగ దాన్ని మొయ్యలేక కాలిపోయింది. "ఇల్లు కాల్చినవ్ గదనే!" అని తాత, "నాకెవరు చెప్పిండ్రు?" అని నాయనమ్మ. చిన్నాయన సామాన్ల పెట్టె నేల మీద బోర్లించాడు. ఫ్యూజు తీగ కోసం మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడు. నాకు ఏడుపొచ్చింది.

ఫ్యూజు వేసి క్యాసెట్టు మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. రొద మొదలైంది. ఆ రొద భరించలేకేమో, పెద్దాయన లేచి చుట్ట వెలిగించుకుంటానని బయటికి నడిచాడు. ఆయన బావమరిదీ నేనూ వెంట వెళ్ళాం. ఆయన పొయ్యి పొయ్యినీ చూసుకుంటూ నడిచి మూలింటి ముందు నిప్పు కోసం ఆగాడు.

"ఏమ్మా, లోపల కరెంటు పొయ్యి లేదా? బయట గింత గోస పడుతున్నరు?"

మూలింటి అత్త పటకారుతో నిప్పు కణిక అందిస్తూ, "ఎందుకు లేదన్నా, రెండున్నయి. మేం పెడితే గా పిల్లగాని డబ్బా ఆగిపోతది. ఇయ్యాల మీకు సూపెట్టాల్నంట," అంది.

"అందరు బందు చేసిండ్రా?"

"అవ్, లైనంత."

"మీ సుట్టమా పిల్లగాడు?"

"సుట్టమా? వాళ్ళతోటి నాకు మాటలే లేవు," అంది అత్త, కూర కలుపుతూ. "గని ఎవరి రేడియో ఆగినా, టీవీ ఆగినా కాలికి చెప్పు లేకుండ ఉరుకొస్తడు. కూరకేంది అన్నా, గడియ ఆగితే ఏం పోతది? సంబంధం పోతే మల్ల వస్తదా? కూసో, ఒక ముక్క సూడు, ఉప్పు సరిపోయిందో లేదో."

పెద్దాయన ఆవిడ మంచం మీద కూర్చున్నాడు. చుట్ట పక్కన పెట్టి, ఆకులో వేసిన కూర తిన్నాడు. తింటూ లైను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. అంతలో మా ఇంటి గుమ్మంలోంచి చిన్నాయన కేక వేశాడు. "మామా, వచ్చింది! గోపురం వచ్చింది, జల్దీ రండి!"

పెద్దాయన లేవలేదు. "నేను సూడవలసింది సూసిన బాబూ. గోపురం నువ్వు సూస్కో!" అన్నాడు. తర్వాత పక్కనే నిలబడ్డ తన బావమరిదితో నెమ్మదిగా అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "వాన పడకపోతే పంట పోతది. బొగ్గు ఒడిసిపోతే కొలువు పోతది. ఒక్క పిల్లగాని కోసం లైనంత పొగ మింగుతున్నదిరా బావా. గా ఇంట్ల నా బిడ్డ పస్తుండది. ముహూర్తం పెట్టిద్దాం."

నేను ఉన్న ఒక్క గొంతుతో, "సంబంధం కుదిరింది! హీటర్లు పెట్టుకోండ్రి!" అని లైను పొడుగునా అరుచుకుంటూ పరుగెత్తాను. పొగతో విసిగిపోయి ఉన్నారేమో, అందరూ ఒక్క ఊపున లోపలికెళ్ళి ఒకేసారి హీటర్లు పెట్టేశారు. టీవీలో గోపురం అటూ ఇటూ ముడుచుకుని, సన్నబడి, ఫట్‌మని మాయమైంది. దాన్ని చూసింది చిన్నాయన, తాత ఇద్దరే. తాత చాలాకాలం చెప్పుకునేవాడు, "కలశం జర వంకరొచ్చింది" అని.

అలా ఆ తిరుమలాయపాలెం పిల్ల మా చిన్నమ్మయి వచ్చింది. వచ్చిన మర్నాడే రబ్బరు మీటల ముందు కూర్చుంది. ఏడాది తిరక్కుండా లైనులోని ఆడపిల్లలకు తనే నేర్పడం మొదలుపెట్టింది. మూలింటి అత్త కూతురు మొదటి వరసలో కూర్చునేది. నల్లా దగ్గర తగాదా మాత్రం అలాగే కొనసాగింది, అదేం ఆగలేదు.

ఇప్పుడు ఆ లైను లేదు. బొగ్గు కోసం తవ్వుతూ తవ్వుతూ కాలనీని కూడా తవ్వేశారు. ఒకసారి దుమ్ముగూడెం వెళ్తూ దారిలో బండి ఆపి చూశాను. మా ఇల్లుండాల్సిన చోట పెద్ద గొయ్యి, అడుగున బొమ్మల్లాంటి లారీలు. తాత ఉంటే లారీవాళ్ళకు ఏం వంకలు పెట్టేవాడో అనుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మొన్న అరిచిన అరుపు సంగతి చెబుదామని చిన్నమ్మకు ఫోన్ చేశాను. వాళ్ళిప్పుడు ఖమ్మంలో ఉంటున్నారు. పడీ పడీ నవ్వింది. నవ్వాక, "మా ఇంట్ల ఇంక వంట కాలే బిడ్డా. మీ చిన్నాయన కంప్యూటర్ ముందల కూసున్నడు. లేచినంక ఎసరు పెట్టాలె," అంది.

"చిన్నమ్మా, ఇప్పుడు దానికి బ్యాటరీ ఉంటది గదా! నువ్వు హీటర్ పెట్టినా ఏం కాదు."

"నాకు తెల్వదా? నేను నేర్పిన పిల్లవే గదనే నువ్వు," అంది. "ఉంటే ఉండనీ. అన్నానికేంది, గడియ ఆగితే ఏం పోతది?"